చదివిన బడిని కూడా లెక్కలోకి తీసుకునే ప్రవేశాలు

శ్రోతలకు నమస్కారం.

ఇంజనీరింగు, వైద్య కళాశాలల్లో సీటు ఎవరికి దక్కాలి అని అడిగితే మనలో చాలామంది ర్యాంకు వచ్చినవారికి అంటారు. పరీక్ష అందరికీ ఒకటే కనుక అది న్యాయంగానే తోస్తుంది. కానీ రెండేళ్లపాటు కార్పొరేట్ కళాశాల హాస్టల్లో ఉండి వారం వారం నమూనా పరీక్షలు రాసిన విద్యార్థికీ, గణితం అధ్యాపకుడు లేని ప్రభుత్వ జూనియర్ కళాశాలకు రోజూ బస్సులో వెళ్లివచ్చిన విద్యార్థికీ మధ్య ఉన్న తేడా ఆ ర్యాంకులో ఎక్కడా కనిపించదు. కులాన్ని, ఆర్థిక స్థితిని బట్టి ఇచ్చే రిజర్వేషన్లు ఎంతో అవసరమైనవే. అయితే చదివిన బడి వల్ల కలిగే వెనుకబాటును అవి పూర్తిగా పూడ్చలేవు.

ఆ వెనుకబాటును నేరుగా లెక్కలోకి తీసుకున్న ప్రయత్నం మన నేల మీదే జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, అంటే మనం ట్రిపుల్ ఐటీలని పిలుచుకునే బాసర, నూజివీడు, ఇడుపులపాయ ప్రాంగణాలు, గ్రామీణ విద్యార్థుల కోసం పుట్టాయి. పదో తరగతి ఫలితాల ఆధారంగా పిల్లలను చేర్చుకొని, రెండేళ్ల ఇంటర్ స్థాయి చదువును, నాలుగేళ్ల బీటెక్‌ను ఒకే చోట చెప్పడం వాటి పద్ధతి. ఫలితాలను గ్రేడ్లలో ప్రకటించిన కాలంలో, హాస్టల్ వసతి లేని ప్రభుత్వ, జిల్లా పరిషత్, పురపాలక పాఠశాలల్లో చదివినవారి గ్రేడు సగటుకు 0.4 పాయింట్లు అదనంగా కలిపేవారు. పదికి 9.6 తెచ్చుకున్న జిల్లా పరిషత్ బడి అమ్మాయి, పదికి పది వచ్చిన ప్రైవేటు బడి విద్యార్థి సరసన నిలబడగలిగేది. దీన్ని దయ అనుకోవడం పొరపాటు. తక్కువ వసతులతో ఆ మార్కులు సాధించడమే ప్రతిభకు బలమైన రుజువు.

తమిళనాడు కూడా 2020లో ఇదే ఆలోచనతో, ప్రభుత్వ పాఠశాలల్లో చదివి నీట్‌లో అర్హత పొందినవారికి రాష్ట్ర కోటా వైద్య సీట్లలో 7.5 శాతం కేటాయిస్తూ చట్టం చేసింది.

ఇక్కడ మనం తగినంతగా మాట్లాడుకోని విషయం ఒకటుంది. సీటుకు అర్హత వచ్చాక కూడా అసమానత ఆగదు. కౌన్సెలింగ్‌లో కళాశాలలను, బ్రాంచీలను ప్రాధాన్య క్రమంలో పెట్టుకునే వెబ్ ఆప్షన్ల దశలో, ఇంట్లో ఇంజనీరు ఉన్న పిల్లవాడికి నలుగురు సలహా చెబుతారు. కూలికి వెళ్లే తల్లిదండ్రుల బిడ్డకు మండల కేంద్రంలోని నెట్ సెంటర్ నడిపే మనిషే సలహాదారు. ఆయన పది ఆప్షన్లతో సరిపెడితే, మంచి ర్యాంకు ఉన్నా మొదటి విడతలో సీటు రాకపోవచ్చు. వచ్చినా, తాను ఏమాత్రం ఇష్టపడని బ్రాంచీలో రావచ్చు. పాలిటెక్నిక్ డిప్లొమా పూర్తిచేసినవారు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చన్న సంగతి కూడా పదో తరగతి పిల్లల్లో చాలామందికి ఎవరూ చెప్పరు. అమ్మాయిల విషయంలో ఈ లోటు మరీ బాధాకరం, ఎందుకంటే దూరం, ఖర్చు, పెళ్లి అనే మూడు మాటలతోనే వారి కోర్సు తేలిపోతుంది.

అందువల్ల ప్రభుత్వ బడి పిల్లలకు అదనపు పాయింట్లు కలిపే పద్ధతిని ఇతర ప్రవేశాలకూ విస్తరించడంతో పాటు, కౌన్సెలింగ్ జరిగే రోజుల్లో ప్రతి మండలంలో ఒక ఉన్నత పాఠశాల కంప్యూటర్ గదిని తెరిచి ఉంచాలని నా విన్నపం. అక్కడ ఒక ఉపాధ్యాయుడు, అదే బడిలో చదివి ఇప్పుడు ఇంజనీరింగు చదువుతున్న ఒకరిద్దరు పూర్వ విద్యార్థులు కూర్చొని, ఆప్షన్లు ఖరారు చేసే ముందు తల్లిదండ్రులతో కలిసి ఆ జాబితాను చదివి వినిపించాలి. ఉన్న గదులతో, ఉన్న మనుషులతో వచ్చే ప్రవేశాల నాటికే ఈ పని మొదలుపెట్టవచ్చు.