మగ్గం మీద ఎరుపు ఎందుకు నల్లబడుతోంది? ఎల్ఈడీ డబ్బా మీది లెక్కలు

నమస్తే అందరికీ. ఈ వీడియో ముఖ్యంగా మగ్గం ఉన్న ఇళ్లకు, చీరల షాపు నడిపేవాళ్లకు, ఫోన్‌లో ఫొటోలు పెట్టి చీరలు అమ్ముకునేవాళ్లకు. మిగతావాళ్లు చూసినా నష్టం లేదు, బల్బు అందరూ కొనేదే కదా.

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఏ ఎలక్ట్రికల్ షాపుకైనా వెళ్లండి. మొదటి ప్రశ్న ఒక్కటే: "ఎన్ని వాట్లదన్నా?" మనం "తొమ్మిది" అంటాం. ఆయన హోల్డర్‌కు పెట్టి వెలిగిస్తాడు, కళ్లు జిగేల్‌మంటాయి, డబ్బులిచ్చి వచ్చేస్తాం. మన పనికి కావాల్సిన ముచ్చట అందులో ఒక్కటి కూడా రాలేదు.

వాట్లు చెప్పేది బల్బు ఎంత కరెంటు తింటుందో, అంతే. ఎంత వెలుగు ఇస్తుందన్నది ల్యూమెన్ల లెక్క. పాత 60 వాట్ల బల్బు 700 ల్యూమెన్ల చుట్టుపక్కల ఇచ్చేది. ఇప్పటి 9 వాట్ల ఎల్ఈడీ 900 దాకా ఇస్తుంది. కాబట్టి రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు వాట్లు చూడకండి, ల్యూమెన్లు చూడండి. ఇది చాలామందికి తెలిసిందే, ముందుకు పోదాం.

ఇప్పుడు స్క్రీన్ మీద ఉన్నది చేనేత ఊరు పుట్టపాకలో ఒక గుంట మగ్గం. కాళ్లు గుంటలో, చూపు బట్ట మీద. నాడె, అంటే అడ్డపోగును మోసుకుపోయేది, ఇటు నుంచి అటు పోగానే చెయ్యి ఆగింది, చూశారా? ఆ అడ్డపోగునే పేక అంటారు, దాన్ని వేలితో వెంట్రుకవాసి పక్కకు జరిపింది. చిటికి కట్టి, అంటే నేయకముందే నూలును అక్కడక్కడ ముడి బిగించి రంగు అద్దిన నూలు కదా, ఈ వరసలో ఎర్ర ముక్క పోయిన వరస ఎర్ర ముక్కను ఆనుకునే రావాలి. కొంచెం తప్పితే పువ్వు అంచు చెదిరిపోతుంది. ప్రతి పోగుకూ ఇదే పని. మరి పైన లైటు ఎక్కడుంది? వాసానికి, తలకు కొంచెం వెనకగా. అంటే తల నీడ సరిగ్గా చెయ్యి ఆగిన చోటే పడుతోంది. ఇలాంటి ఇంట్లో 9 వాట్ల బల్బు తీసేసి 15 వాట్లది పెడితే ఏమవుతుంది? నీడ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది!

ఇక్కడ కావాల్సిన లెక్క లక్సు. బల్బు నుంచి బయటికొచ్చే మొత్తం వెలుగు ల్యూమెన్లు అయితే, అందులో బట్ట మీద పడింది ఎంత అన్నది లక్సు. చదరపు మీటరు మీద ఒక ల్యూమెన్ పడితే ఒక లక్సు. మిట్టమధ్యాహ్నం ఎండ లక్ష లక్సు దాకా ఉంటుంది, పున్నమి వెన్నెల ఒక్క లక్సు కూడా రాదు. చదువుకోవడానికి 300 నుంచి 500 ఉంటే హాయిగా ఉంటుంది. పోగులు సరిచూసే పనికి 750 అడిగినా అత్యాశ కాదు.

మరి మన 9 వాట్ల బల్బు రెండు మీటర్ల ఎత్తు నుంచి ఇచ్చేది? గోడల మీద పడి తిరిగొచ్చే వెలుగు పక్కన పెడితే, సుమారు 30 లక్సు. అదే బల్బును మీటరు ఎత్తుకు దించితే 120. దూరం సగమైతే వెలుగు నాలుగింతలు, పైసా ఖర్చు లేదు. 2,000 ల్యూమెన్ల ఎల్ఈడీ ట్యూబును బట్టకు మీటరు ఎత్తున, తల వెనక కాకుండా ముందువైపు కట్టారనుకోండి, ట్యూబు కిందనే 500 లక్సు దగ్గరికి వస్తుంది. ట్యూబు పొడుగ్గా ఉంటుంది కాబట్టి చేతి నీడ కూడా పలచబడుతుంది. కళ్లలో నేరుగా కొట్టకుండా ముందు ఒక రేకు అడ్డం పెట్టుకోండి.

సరే, అసలు సంగతికి వద్దాం. రంగు.

డబ్బా మీద 2700 కె, 4000 కె, 6500 కె అని ఉంటుంది. అది కలర్ టెంపరేచర్, కెల్విన్లలో. కొలిమిలో ఇనుము ముందు ఎర్రగా, ఆ తర్వాత పసుపుగా, ఇంకా కాలితే తెల్లగా అవుతుంది కదా, ఆ వరసే ఇది. అంకె తక్కువైతే పసుపు వెలుగు, పెరిగేకొద్దీ తెలుపు, 6500 దగ్గర కొంచెం నీలం. మన ఊళ్లలో 6500 అంటేనే మంచి లైటు అని ఒక నమ్మకం పడిపోయింది. గద్వాల చీర జరీని ఆ వెలుగులో చూడండి, బంగారు రంగు కాస్తా పాలిపోతుంది. 3000 కె స్పాట్ లైటు కింద పెడితే కళ తిరిగొస్తుంది. ఇందులో బీమ్ యాంగిల్, అంటే వెలుగు ఎంత వెడల్పుగా పరుచుకుంటుందన్న కోణం, దాని పాత్ర కూడా ఉంది. 24, 36 డిగ్రీల సన్నని కిరణం పడితే జరీ మెరుస్తుంది, గది మొత్తం పరుచుకునే ట్యూబు వెలుగులో ఆ మెరుపు రాదు. పెద్ద షాపుల వాళ్లు చీర మడత మీద చిన్న స్పాట్లు పెట్టేది ఊరికే కాదు.

కానీ 6500 అయినా 3000 అయినా, అది వెలుగు ఏ రంగులో ఉందో చెబుతుందే తప్ప, బట్ట రంగు నిజంగా కనిపిస్తుందో లేదో చెప్పదు. అది చెప్పేది సీఆర్ఐ, అంటే కలర్ రెండరింగ్ ఇండెక్స్. 100 అంటే పూర్తి మార్కులు, పాత ఫిలమెంట్ బల్బుకు దాదాపు 100 వచ్చేవి. పసుపు సోడియం వీధి లైటుకు 25 కూడా కష్టమే, అందుకే దాని కింద అందరి చొక్కాలూ ఒకేలా ఉండేవి. మామూలు ఎల్ఈడీకి 80.

80 అంటే ఫస్ట్ క్లాసే కదా అనుకుంటాం. చిక్కంతా అక్కడే ఉంది. ఆ మార్కు ఎనిమిది లేత రంగుల మీద తీసిన సగటు. ముదురు ఎరుపు ఆ ఎనిమిదింట్లో లేనే లేదు! దానికి విడిగా ఆర్9 అని ఇంకో మార్కు ఉంటుంది. సీఆర్ఐ 80 ఉన్న బల్బుకు ఆర్9 సున్నా దగ్గర ఉండటం మామూలే.

ఎందుకంటే తెల్ల ఎల్ఈడీ లోపల ఉన్నది నీలం చిప్పు. నీలం ఎల్ఈడీ సాధించినందుకే అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆ చిప్పు మీద పసుపు ఫాస్ఫర్ పూత వేస్తారు, నీలం వెలుగులో కొంత దాంట్లో పడి పసుపుగా మారుతుంది. నీలం, పసుపు కలిసి కంటికి తెల్లగా కనిపిస్తాయి, కానీ అందులో ముదురు ఎరుపు తక్కువ. లైటులో లేని రంగును బట్ట ఎక్కడ నుంచి తెచ్చి చూపిస్తుంది? ఎరుపు గోధుమ రంగులోకి దిగుతుంది, మెరూన్ నలుపులోకి జారుతుంది.

ఇలాగే చిటికి కట్టి నేసే తేలియా రుమాలు గుర్తు తెచ్చుకోండి. ఎరుపు, నలుపు, తెలుపు, ఆ మూడు రంగులతోనే మొత్తం పని. ఎర్ర ముక్కకూ నల్ల ముక్కకూ మధ్య గీతను పట్టుకునే పనివాళ్ల నెత్తి మీద ఎరుపు చూపించని బల్బు వేలాడుతోంది. కంటి డాక్టరు దగ్గరికి పోయే ముందు ఆ బల్బు మార్చి చూడండి అంటాను నేను.

ఫొటోలతో అమ్మేవాళ్లకూ ఇదే తంటా. "ఫొటోలో ఒక రంగు, ఇంటికొచ్చాక ఒక రంగు" అని చీర వెనక్కి పంపుతారు. ఫోన్‌లో వైట్ బ్యాలెన్స్ ఎంత తిప్పినా వెలుగులో లేని ఎరుపు సరిగ్గా తిరిగి రాదు. సీఆర్ఐ 90 దాటిన లైటు కొనండి, లేదంటే పొద్దున పూట గుమ్మం నీడలో ఫొటో తీయండి. రెండోది ఉచితం.

ఇంకొకటి, ఫ్లికర్. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి చవక ఎల్ఈడీ సెకనుకు 100 సార్లు మినుకుతుంది. కంటికి తెలియదు, తలనొప్పికి తెలుస్తుంది. ఫోన్ కెమెరా స్లో మోషన్‌లో పెట్టి బల్బును తీయండి, వెలుగు ఎగిరి పడుతుంటే ఆ బల్బు వద్దు. కండెలు చుట్టే మోటారు దగ్గరైతే అసలే వద్దు. మినుకుల లెక్క చక్రం తిరిగే లెక్కకు కుదిరితే, తిరుగుతున్న చక్రం ఆగినట్టు కనిపిస్తుంది. వేళ్లు జాగ్రత్త.

ఎల్ఈడీ చిప్పు త్వరగా మాడదు, ముందు పోయేది సాధారణంగా డ్రైవర్, అంటే చిప్పుకు కరెంటు సర్ది ఇచ్చే సర్క్యూట్. వేడి దానికి పడదు, గాలి ఆడని మూత ఫిట్టింగుల్లో బిగించకండి. వోల్టేజి ఉన్నట్టుండి ఎగిసిపడే ఊళ్లయితే డబ్బా మీద సర్జ్ ప్రొటెక్షన్, అంటే ఆ ఎగిసిపాటును తట్టుకునే శక్తి, 2.5 కేవీయా (కిలోవోల్టులు), 4 కేవీయా చూసి పెద్దది తీసుకోండి.

చాలా డబ్బాల మీద ఆర్9 రాయరు. షాపాయనను అడిగితే వింతగా చూస్తాడు కూడా. అందుకని ఎర్ర నూలు చిలప ఒకటి, మెరూన్ ఒకటి, నల్లది ఒకటి సంచిలో వేసుకుని పోండి. ముందు షాపు బయట పగటి వెలుగులో మూడూ పక్కపక్కన పెట్టి చూడండి, తర్వాత లోపలికి పోయి బల్బు కింద పెట్టండి. ఎరుపు ఎరుపుగా, మెరూన్ నలుపుతో కలిసిపోకుండా ఉంటే ఆ బల్బు తీసుకోండి. పోయేటప్పుడు పగలే పోండి, రాత్రి పోతే పోల్చడానికి ఎండ ఉండదు.