మైకా రేకా, అల్యూమినా పలకా? హీట్‌సింక్ నాయిస్ తగ్గించే ప్యాడ్ ఏది: రివ్యూ

నమస్కారం. ఈ రోజు రివ్యూకు తీసుకున్నవి చాలా చిన్న వస్తువులు. మోస్‌ఫెట్‌కూ (కరెంటును వేగంగా ఆన్, ఆఫ్ చేసే ట్రాన్సిస్టర్), దాని వేడిని లాగేసే లోహపు హీట్‌సింక్‌కూ మధ్య కరెంటు దాటకుండా పెట్టే ఇన్సులేటర్ ప్యాడ్లు. ఒకటి పలచటి మైకా రేకు, రెండోది తెల్లటి అల్యూమినా సిరామిక్ పలక. వీటిని అందరూ వేడి లెక్క చూసి కొంటారు. నాకు రేడియో నాయిస్, అంటే చుట్టుపక్కల పరికరాలకు అడ్డొచ్చే విద్యుత్ అలజడి లెక్క కూడా కావాలి.

టీఓ-220 అనే ప్యాకేజీలో వచ్చే ఈ మోస్‌ఫెట్‌ను దగ్గరగా చూడండి. వెనక మెరుస్తున్న లోహపు ట్యాబ్ మామూలుగా డ్రెయిన్‌కే (మోస్‌ఫెట్ మూడు కాళ్లలో ఒకటి) కలిసి ఉంటుంది. స్విచింగ్ పవర్ సప్లైలో వోల్టేజి ఎగిసిపడేది సరిగ్గా అక్కడే. ట్యాబ్ ఒక పలక, హీట్‌సింక్ ఇంకో పలక, మధ్యలో ప్యాడ్. అడగకుండానే ఒక కెపాసిటర్ వచ్చి కూర్చుంది. సర్క్యూట్ బొమ్మలో మాత్రం ఎక్కడా కనిపించదు!

ట్యాబ్ వైశాల్యం సుమారు 150 చదరపు మిల్లీమీటర్లు అనుకుందాం. 0.1 మిల్లీమీటరు మైకాతో దాదాపు 80 పికోఫారడ్ల కెపాసిటెన్స్ వస్తుంది. డ్రెయిన్ మీద 300 వోల్టులు 30 నానోసెకన్లలో మారితే, చాసిస్‌కు (పరికరం లోహపు పెట్టెకు) బిగించిన హీట్‌సింక్‌లోకి 0.8 ఆంపియర్ల దాకా కరెంటు దూకుతుంది. అది ఎర్త్ తీగ దారి పట్టి, కామన్ మోడ్ నాయిస్‌గా, అంటే రెండు వైర్లలోనూ ఒకే దిశలో పారే నాయిస్‌గా, మెయిన్స్ వైర్లకు చేరుతుంది. పోనీ దేనికీ కలపకుండా వదిలేద్దామా? అప్పుడు హీట్‌సింక్ కూడా డ్రెయిన్‌తో పాటు ఊగుతూ యాంటెన్నాలా పనిచేస్తుంది.

ఒక మిల్లీమీటరు అల్యూమినా పెడితే కెపాసిటెన్స్ సుమారు 13 పికోఫారడ్లకు, కరెంటు 0.13 ఆంపియర్లకు పడిపోతాయి. పది రెట్లు మందం కదా, వేడి ఆగదా అంటారేమో. ఆగదు. అల్యూమినా మైకా కన్నా దాదాపు 50 రెట్లు బాగా వేడిని పంపుతుంది. రెండు వైపులా థర్మల్ గ్రీజు పలచగా రాయాలి, అంతే. దీని లోపం పెళుసుదనం. స్క్రూ కాస్త ఎక్కువ బిగిస్తే చిట్లుతుంది, అందుకే స్ప్రింగ్ క్లిప్ వాడండి.

వేగంగా స్విచ్ అయ్యే సర్క్యూట్‌కు నా ఓటు అల్యూమినాకే. స్విచింగే లేని లీనియర్ రెగ్యులేటర్‌కైతే మైకా చాలు, అక్కడ ఈ గొడవే లేదు.

నాయిస్ ఇంకా తగ్గాలంటే హీట్‌సింక్‌ను చాసిస్ నుంచి విడదీసి, పొట్టి, వెడల్పాటి పట్టీతో ప్రైమరీ (మెయిన్స్ వైపు) డీసీ మైనస్‌కు కలపండి. కరెంటు ఊరంతా తిరగకుండా అక్కడికక్కడే వెనక్కి వెళ్తుంది. కానీ అలా కలిపిన హీట్‌సింక్ మెయిన్స్‌తో కలిసినట్టే. పవర్ ఉండగా చేయి పెట్టకండి, ఆసిలోస్కోప్ గ్రౌండ్ క్లిప్పును నేరుగా దానికి తగిలించకండి.