పిల్లలతో విశాఖ: సోమవారం తప్ప

శ్రోతలకు నమస్కారం.

దసరా సెలవులు దగ్గర పడితే ఒడిశాలో మన బరంపురం తెలుగిళ్ళలో ఒకటే మాట. "పిల్లల్ని ఈసారి వైజాగ్ తీసుకెళ్దామా?" పర్లాకిమిడిలోనూ అంతే, రాయగడలోనూ అంతే. భువనేశ్వర్ మనకు దగ్గరే, అక్కడి జూ నందన్‌కానన్ గొప్పదే. మామూలు రంగు పులులకు 1980లో తెల్ల కూనలు పుట్టింది అక్కడే. కానీ దాన్ని బడివాళ్ళు ఎక్స్‌కర్షన్ పేరుతో ఎలాగూ చూపిస్తారు. వైజాగ్ మాత్రం మనమే తీసుకెళ్ళాలి.

కిందటేడు నేనూ మా ఆవిడా మనవణ్ణీ మనవరాలినీ వెంటబెట్టుకుని బయల్దేరాం. వాడికి తొమ్మిదేళ్ళు, దానికి ఇంకా ఐదు నిండలేదు. రైలు టిక్కెట్ సంగతి ముందే చెప్పేస్తాను, అందరూ అడుగుతుంటారు. ఐదేళ్ళ లోపు పిల్లలకు విడిగా బెర్తు అడక్కపోతే టిక్కెట్ అక్కర్లేదు. ఐదు దాటి పన్నెండు నిండనివాళ్ళకు బెర్తు కావాలంటే పూర్తి ఛార్జీ, మా పక్కనే సర్దుకుంటాడులే అనుకుంటే సగం. మా వాడు కిటికీ వదలడని తెలుసు కాబట్టి నేను పూర్తి ఛార్జీ పెట్టాను.

ఇక నేను చేసిన పొరపాటు. ఆదివారం రాత్రి దిగి, సోమవారం పొద్దున్నే పులిహోర డబ్బాతో సహా జూకి తయారయ్యాం. ఆటో ఆయన మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఏ ఊరండీ మీది? ఇవాళ సోమవారం కదా, జూ ఉండదు" అన్నాడు. సరే, సబ్‌మెరైన్ మ్యూజియంకి పోనీయ్ అన్నాను. "అదీ సోమవారం ఉండదండీ." పిల్లలిద్దరూ నా మొహం వంక చూస్తున్నారు. మా ఆవిడ చూడటం లేదు, అది ఇంకా భయం. చివరికి ఆయనే కైలాసగిరి మీదికి తీసుకెళ్ళాడు. కొండ చుట్టూ తిరిగే చిన్న రైలు ఉంది, రోప్‌వే ఉంది, నలభై అడుగుల శివపార్వతులున్నారు, కింద సముద్రం. పులిహోర అక్కడే తిన్నాం, రోజు గట్టెక్కింది. మీరు మాత్రం మంగళవారం నుంచి ప్లాన్ వేసుకోండి. నందన్‌కానన్‌కీ సోమవారమే సెలవు.

మర్నాడు కురుసుర. రామకృష్ణా బీచ్‌లో ఇసుక మీద పెట్టిన నిజం జలాంతర్గామి. 1969లో సోవియట్ యూనియన్ నుంచి మన నౌకాదళంలోకి వచ్చింది, 1971 యుద్ధంలో పనిచేసింది, 2001లో రిటైరైంది. మరుసటి ఏడు ఒడ్డుకు లాగి మ్యూజియం చేశారు. పొడవు 91 మీటర్లు. లోపల ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోవాలంటే గుండ్రటి కంతలోంచి దూరాలి. పిల్లలు గబగబా దూరిపోతారు, నేను మోకాలు ఒకసారి, నెత్తి రెండుసార్లు కొట్టుకున్నాను. దాదాపు డెబ్భై అయిదు మంది అందులో నెలల తరబడి ఉండేవారట. ఒకరు డ్యూటీకి లేస్తే ఇంకొకరు ఆ మంచం మీద పడుకునేవారట. మా మనవరాలికి టార్పెడోలతో పని లేదు. ఆ వంటగది చూసి, "ఇంత చిన్నదా? దోసెలు ఎలా పోస్తారు?" అని అడిగింది. చూపించే ఆయన నవ్వాపుకోలేకపోయారు.

రోడ్డుకు అవతల టీయూ-142 విమానం ఉంది. నాలుగు ఇంజన్లు, ఒక్కోదానికి రెండేసి పంకాలు. 1988 నుంచి 2017 దాకా ఎగిరింది. దాని పనేమిటో తెలుసా? సముద్రంలో దాక్కున్న జలాంతర్గాముల్ని పట్టుకోవడం! మనవడికి ఆ సంగతి చెబితే, "అయితే పిల్లినీ ఎలుకనీ ఎదురెదురుగా పెట్టారన్నమాట" అన్నాడు. ఈ రెండూ మామూలు రోజుల్లో మధ్యాహ్నం పూటే చూడనిస్తారు, వేళలు ఒకసారి కనుక్కుని వెళ్ళండి. సముద్రం చూపించడానికైతే వైజాగ్ దాకా పోనక్కర్లేదు, మన గోపాల్‌పూర్ ఉంది. అక్కడైనా ఇక్కడైనా పిల్లల్ని చెయ్యి వదిలి నీళ్ళలోకి పంపకండి. రెండు చోట్లా లోపలికి లాగుడు ఎక్కువ.

బుధవారం జూ. మన ఊరి మీదుగా పోయే పదహారో నెంబరు హైవే పక్కనే, కంబాలకొండ అడవిని ఆనుకుని ఉంటుంది. 1977లో తెరిచారు. ఆరువందల పాతిక ఎకరాలు. నడిపించి చూపిద్దామనుకుంటే సగంలోనే చంకెక్కుతారు, బ్యాటరీ బండి ఎక్కించండి.

అక్కడ ఒకటి గమనించాను. మొసలి కనబడగానే మా వాడు "కుంభీరొ!" అని అరిచాడు. బళ్ళో నేర్చిన పేరు అదే మరి. ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడతాడు గానీ చదవడం రాదు, ఒడియా మీడియం. సింహం దగ్గర తెలుగు బోర్డు చూసి, "తాతా, ఇందులో రెండు 'ఠ'లున్నాయేంటి?" అన్నాడు. నాకు ముందు అర్థం కాలేదు. ఒడియాలో 'ఠ' అక్షరం గుండ్రంగా సున్నలాగే ఉంటుంది కదా! వాడికి మన సున్న 'ఠ' అయింది. అక్కడే బెంచీ మీద కూర్చోబెట్టి సున్న ఎలా పలకాలో చెప్పాను. తర్వాత ప్రతి బోనుకీ ఆగడం, సున్నలు వెతకడం. ఎలుగుబంటిలో ఒకటి దొరికింది. పులిలో ఒక్కటీ లేదని దాన్ని పట్టించుకోలేదు. ఇద్దరికీ జంతువులకన్నా ఆ ఆటే ఎక్కువైంది. మా ఆవిడ మాత్రం, "డబ్బులు పెట్టి తీసుకొచ్చింది బోర్డులు చూడటానికా?" అని ఒకటే గొణుగుడు.

గురువారం తిరుగు రైలు. కిటికీ దగ్గర కూర్చుని పలాస చదివాడు, సోంపేట దగ్గర సున్న పట్టుకున్నాడు, ఇచ్ఛాపురం ఒత్తు దగ్గర తడబడ్డాడు. బోర్డర్ దాటాక బోర్డులు మారాయి. మా ఆవిడకు ఒడియా చదవడం రాదు. "ఇదేం ఊరురా?" అని వాణ్ణే అడిగింది.