వంటగదిలో బడి

శ్రోతలకు నమస్కారం.

చేతిలో ఉన్నది పుస్తకమని ఎవరూ పసిగట్టకుండా కాగితం చుట్టుకుని బడికి వెళ్లేది ఆ పిల్ల. పేరు సూసీ. 1848లో, అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో బానిసగా పుట్టింది. బానిసలకు చదువు చెప్పడం అక్కడ నేరం. అందుకే సవన్నా పట్టణంలో ఒక నల్లజాతి ఆవిడ తన వంటగదిలోనే గుట్టుగా బడి నడిపేది. పాతిక ముప్పై మంది పిల్లలు ఒక్కొక్కరే గేటు దాటి లోపలికి వెళ్లేవారు, ఒక్కొక్కరే బయటికొచ్చేవారు. ఏదో చేతిపని నేర్చుకుంటున్నారు కాబోలని ఇరుగుపొరుగు అనుకునేవారు.

అంతలో బానిసత్వం విషయంలో ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం వచ్చిపడింది. 1862లో సూసీ తన వాళ్లతో కలిసి తప్పించుకుని, ఉత్తరాది సైన్యం చేతిలో ఉన్న సెయింట్ సైమన్స్ దీవి చేరింది. ఆ పిల్లకు చదవడం, రాయడం వచ్చని తెలిసి ఒక నౌకాదళ అధికారి బడి నడపమన్నాడు. నడుపుతాను, పుస్తకాలు తెప్పించండి అంది. ఒకటి రెండు వారాల్లో రెండు పెద్ద పెట్టెల నిండా పుస్తకాలు దిగాయి. పగలు నలభై మంది పిల్లలు. చీకటి పడ్డాక పెద్దవాళ్లు. పద్నాలుగేళ్ల పిల్ల ముందు కూర్చుని, తనకన్నా ఎంతో పెద్దవాళ్లు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివారు. ఆ రాత్రి బడిని తలచుకుంటే నాకు గొంతు పూడుకుపోతుంది.

బానిసత్వం నుంచి విముక్తి పొందినవాళ్ల బడులంటే ప్రభుత్వం పెట్టించినవే అనుకుంటాం. వాళ్ల కోసం ప్రభుత్వం ప్రత్యేకంగా ఒక బ్యూరో పెట్టింది 1865 మార్చిలో. అప్పటికే ఈ బడులు నడుస్తున్నాయి. వర్జీనియాలోని హాంప్టన్ దగ్గర మేరీ పీక్ అనే నల్లజాతి మహిళ 1861 సెప్టెంబరులోనే ఒక ఓక్ చెట్టు కింద పాఠాలు మొదలుపెట్టింది. క్షయతో మంచాన పడ్డా పిల్లలకు చెప్పడం మానలేదు. ఆరు నెలలైనా తిరక్కుండానే కన్నుమూసింది. ఆ చెట్టు హాంప్టన్ విశ్వవిద్యాలయం ఆవరణలో ఇవాళ్టికీ పచ్చగా ఉంది.

బ్యూరో వచ్చాక బడులు వేలల్లోకి పెరిగాయి. అది చూసి కళ్లల్లో నిప్పులు పోసుకున్నవాళ్లూ ఉన్నారు. 1866 మే నెలలో మెంఫిస్ నగరంలో తెల్లవాళ్ల గుంపులు మూడు రోజుల్లో 46 మంది నల్లవారిని చంపి, 12 బడులు తగలబెట్టాయి.

యుద్ధం ముగిశాక సూసీ సవన్నాకే తిరిగొచ్చింది. తన ఇంట్లోనే బడి తెరిచింది. పిల్లకు నెలకు డాలరు. చేసిన చాకిరీకి కూలి అన్నదే ఎరగని మనుషులు ఆ డాలరు కట్టి పిల్లల్ని పంపారు. ఇరవై మంది చేరారు. రాత్రిపూట, అక్కడా కొందరు పెద్దవాళ్లు వచ్చి కూర్చునేవారు.