సీ డ్రైవ్ ఎర్రబడింది, ఏం కొందాం?

తమ్ముడు: నమస్కారం అండి. అమలాపురంలో మా ఇంట్లోంచే మాట్లాడుతున్నాం. బయట వాన, ఆ చప్పుడు మీకూ వినిపిస్తుందేమో. రాజమండ్రి నుంచి మా బావగారు వచ్చారు, చాలా ఏళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నారు. బావగారూ, మా సీ డ్రైవ్ నిండిపోయి ఎర్రగా చూపిస్తోంది. 2 టీబీ హార్డ్ డిస్క్ ఇంకోటి కొనేద్దామనుకుంటున్నాను.

బావ: ఆగు అబ్బాయ్. చోటు చాలట్లేదా, నెమ్మదిగా నడుస్తోందా?

తమ్ముడు: రెండూనండి. ఆన్ చేసి టీ పెట్టుకుని తాగేసినా ఇంకా తిరుగుతూనే ఉంటుంది.

బావ: అవి రెండు వేరే జబ్బులు, ఒక మందుకి తగ్గవు. ఇలాంటి హార్డ్ డిస్క్‌లో పళ్లెం సాధారణంగా నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంది. చదివే చెయ్యి ఒక్కో ఫైలు దగ్గరికీ జరుగుతూ వెళ్లాలి. విండోస్ లేచేటప్పుడు చిన్న చిన్న ఫైళ్లు వేలల్లో అడుగుతుంది కదా, అక్కడే ఆలస్యం. ఇంకో హార్డ్ డిస్క్ పెడితే చోటు వస్తుంది, నత్తనడక మాత్రం పోదు. విండోస్‌ని ఎస్‌ఎస్‌డీ మీదకి మార్చాలి, అందులో తిరిగే పళ్లెం ఉండదు, అంతా చిప్పుల్లోనే ఉంటుంది. ఏదీ, ఆ పక్క మూత తియ్యి.

తమ్ముడు: తీశానండి. దుమ్ము పట్టేసింది.

బావ: దీనికి ఎం.2 స్లాట్ లేదు, అంటే కార్డులాంటి ఎస్‌ఎస్‌డీని నేరుగా బోర్డుకే గుచ్చే చోటు. డిస్క్‌ని తీగతో తగిలించే సాటా పోర్టు మాత్రం ఒకటి ఖాళీగా ఉంది, ఇదిగో, డిస్క్ తీగ పక్కనే. నీకు 500 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ చాలు. వినేవాళ్లకి కూడా చెప్తున్నాను, ఎం.2 స్లాట్ కనబడింది కదా అని పరుగెత్తకండి. కొన్ని స్లాట్లు సాటా రకమే తీసుకుంటాయి, కొన్ని ఎన్‌వీఎంఈ అనే ఇంకో వేగమైన రకం మాత్రమే. రెండు కార్డులూ సాధారణంగా 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు, చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి. బోర్డు మోడల్ రాసుకుని మాన్యువల్ చూశాకే డబ్బులు తియ్యండి. మొన్న ఒకాయన చూడకుండా కొన్నారు, షాపువాళ్లు వెనక్కి తీసుకోలేదు.

తమ్ముడు: ఎన్‌వీఎంఈ చాలా స్పీడంటారు కదా?

బావ: సాటాది సెకనుకి 550 ఎంబీ దాకా, ఎన్‌వీఎంఈలో మూడో తరానివి 3500 దాకా వెళ్తాయి. కానీ బ్రౌజరు, పిల్లల క్లాసులు, బ్యాంకు పనులు చేసుకునే ఇంట్లో ఆ తేడా కంటికి ఆనదు. హార్డ్ డిస్క్ నుంచి ఎస్‌ఎస్‌డీకి మారినప్పుడు మాత్రం పాత కంప్యూటర్‌కి ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది.

తమ్ముడు: మరి ఫొటోలన్నీ పాత డిస్క్‌లోనే ఉంచేయనా?

బావ: ఉంచు, కానీ అదొక్కటే ఉంటే నాకు భయం. 2022 జూలై గోదావరి వరద తర్వాత లంక ఊరి నుంచి ఒక కుటుంబం సీపీయూ పట్టుకొచ్చింది. మూత తీస్తే ఫ్యాన్ రెక్కల మధ్య ఒండ్రు ఎండి గట్టిపడిపోయింది. కాపీ ఉందా అనడిగితే ఉందన్నారు. అది అదే టేబులు సొరుగులో ఉందిట. రెండూ మునిగాయి. రికవరీకి పంపితే కొన్ని వచ్చాయి, చనిపోయిన పెద్దాయన ఫొటోలు రాలేదు. ఆ అమ్మాయి ఏం మాట్లాడలేక నా ఎదురుగా అలా కూర్చుండిపోయింది. అందుకే చెప్తున్నాను, మిగిలిన డబ్బుతో 1 టీబీ బయటి డిస్క్ కొను.

తమ్ముడు: దాన్ని బీరువాలో పెడతానండి.

బావ: బీరువా ఇదే ఇంట్లో ఉంది కదా! ఫొటోలు ఎక్కించి నాకియ్యి, రాజమండ్రిలో మీ అక్క దాచిపెడుతుంది. సంక్రాంతికి తెస్తాం, కొత్తవి ఎక్కించుకుని మళ్లీ పంపించు. అన్నట్టు, విండోస్‌లో అది 931 జీబీ అని చూపిస్తుంది, మోసం అనుకోకు. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కపెడుతుంది, విండోస్ 1024 చొప్పున.

తమ్ముడు: ఎస్‌ఎస్‌డీ రేపు తెచ్చేస్తాను. తేగానే విండోస్ మార్చేద్దామా?

బావ: ఈ వానలోనా? కాపీ మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికొస్తుంది. నీ యూపీఎస్ పది నిమిషాలైనా ఆగుతుందో లేదో చూడు ముందు. ఈలోగా పిల్లల ఫొటోలు నా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించు. తెరిపిచ్చాక మిగతా పని మొదలుపెడదాం.