సహారాకి వెళ్తున్న పాత రెనో 4: డబ్బు ఎక్కడ పెట్టారు, ఎక్కడ పారేశారు?

అందరికీ నమస్కారం. ఈసారి రివ్యూకి తెచ్చిన కారు షోరూమ్‌లో దొరకదు. ఇది రెనో 4, జీటీఎల్ మోడల్. 1108 సీసీ పెట్రోల్ ఇంజిన్, 34 హార్స్‌పవర్. మన రోడ్ల మీద తిరిగే కొన్ని బైకులకే ఇంతకంటే ఎక్కువ పవర్ ఉంటుంది, నిజమే. కానీ ఇది ఫిబ్రవరిలో మొరాకో ఎడారికి వెళ్తోంది. ఫ్రాన్స్‌లో చదువుకుంటున్న ఇద్దరు స్టూడెంట్లు దీన్ని 4ఎల్ ట్రోఫీకి రెడీ చేశారు. వాళ్లలో ఒకమ్మాయిది మన గుంటూరు వైపే.

తెలియని వాళ్లకి రెండు ముక్కల్లో చెప్తాను. 4ఎల్ ట్రోఫీ 1997లో మొదలైంది. స్టూడెంట్ల ర్యాలీ. అందరూ రెనో 4 కారులోనే రావాలి. ఈ మధ్య ఏళ్లలో ఫ్రాన్స్‌లోని బియారిట్జ్ నుంచి బయల్దేరుతున్నారు. స్పెయిన్ మొత్తం దాటి, ఓడ ఎక్కి మొరాకోలో దిగి, మెర్జూగా ఇసుక దిబ్బల వైపు వెళ్లి, మరాకెష్‌లో ముగిస్తారు. ఎవరు ముందు చేరారన్నది లెక్క కాదు. రోడ్‌బుక్ (దారి వివరాలు రాసిన పుస్తకం), దిక్సూచి చూసుకుంటూ తక్కువ దూరంలో దారి పట్టుకున్నవాళ్లది గెలుపు. కారులో అక్కడి పిల్లలకి స్కూలు సామాను, ఆట వస్తువులు తీసుకెళ్తారు. ఫ్రెంచ్ రెడ్ క్రాస్ కోసం 10 కిలోల తిండి సరుకులు కూడా ఇస్తారు.

ఇక కారు చూద్దాం. తమ్ముడూ, కెమెరా కిందికి పెట్టు. పైన స్టిక్కర్లు తర్వాత చూపిద్దువు.

ఇదిగో, ముందు బంపర్ కింద నుంచి ఛాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) వెనక దాకా వంచి బిగించిన అల్యూమినియం రేకు. ఈ కారులో నాకు బాగా నచ్చింది ఇదే. ఈ బండిలో గేర్‌బాక్స్ ముందుంటుంది, ఇంజిన్ దాని వెనక. రాయి తగిలితే రెండింట్లో ఏదో ఒకటి పగులుతుంది. ఛాంబర్ పగిలి ఆయిల్ కారిపోయిందంటే ప్రయాణం అక్కడితో సరి. రేకు ముందు అంచు పైకి వంచారు చూడండి, అందువల్ల ఇసుకని తవ్వుకోకుండా దాని మీద జారుతుంది. ఆయిల్ మార్చడానికి కన్నం కూడా పెట్టారు. చాలామంది ఈ కన్నం మర్చిపోయి, ఆయిల్ మార్చాల్సిన ప్రతిసారీ రేకు మొత్తం విప్పుతుంటారు. వెనక పెట్రోల్ ట్యాంకు కింద కూడా ఇంకో రేకు ఉంది. మంచి పని.

ఈ రేకులు బిగించే ముందు వీళ్లు చాసిస్ అంతా స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూశారట. రెనో 4 ఫ్రాన్స్‌లో 1961 నుంచి 1992 దాకా అమ్ముడైంది. అంటే అన్నిటికంటే కొత్త కారుకి కూడా ఇప్పుడు ముప్పై ఏళ్లు దాటాయి. అడుగున తుప్పు ఉంటే పైన ఎంత పెట్టినా దండగే. వెనక యాక్సిల్ బిగించే చోట తుప్పు కనిపించిందని, అక్కడ కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించారు. బడ్జెట్‌లో పెద్ద వాటా దానికే పోయిందట. పోనివ్వండి, ఫొటోలో కనిపించని ఖర్చే ఎడారిలో పనికొస్తుంది.

సస్పెన్షన్‌కి వద్దాం. ఇందులో కాయిల్ స్ప్రింగులు ఉండవు, టార్షన్ బార్లు ఉంటాయి. ఇనుప కడ్డీ మెలితిరిగి స్ప్రింగ్ పని చేస్తుంది. వెనక రెండు కడ్డీలు అడ్డంగా, ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. అందుకే ఈ కారులో కుడి పక్క వీల్‌బేస్‌కీ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) ఎడమ పక్క వీల్‌బేస్‌కీ దాదాపు 5 సెంటీమీటర్లు తేడా! టేపు పెట్టి కొలిచాను, నవ్వొచ్చింది. ఫ్యాక్టరీ నుంచి అలాగే వస్తుంది, భయపడకండి. వీళ్లు కడ్డీలు మళ్లీ బిగించి కారుని కొంచెం లేపారు. షాక్ అబ్జార్బర్లు నాలుగూ కొత్తవి వేశారు. ఇక్కడ నాదొక మాట. ముందు భాగం అవసరానికి మించి లేపారు. అలా లేపితే ముందు చక్రాలకి పవర్ అందించే డ్రైవ్ షాఫ్టులు ఎక్కువ వాలుగా తిరుగుతాయి, వాటి జాయింట్లు తొందరగా అరుగుతాయి. ఎడమ పక్క జాయింట్‌ని కప్పే రబ్బరు బూటు ఇప్పటికే చీలుతోంది. అందులోకి ఇసుక చేరితే జాయింట్ ఎక్కువ కాలం నిలవదు.

బానెట్ ఎత్తుదాం. సహారా అనగానే అందరూ ఎండ అనుకుంటారు. ఫిబ్రవరిలో అక్కడ పగలు హాయిగానే ఉంటుంది, రాత్రిళ్లు చలి వణికిస్తుంది. ఇంజిన్ వేడెక్కేది ఎండకి కాదు. మెత్తటి ఇసుకలో ఫస్ట్ గేరు, సెకండ్ గేరులో ఇంజిన్‌ని గట్టిగా రైజ్ చేస్తూ నెమ్మదిగా పోవాలి. ముందు నుంచి గాలి తగలదు. ఆ రేకు వల్ల కింద నుంచి వేడి బయటికి పోవడమూ తగ్గుతుంది. అందుకే రేడియేటర్ కోర్ కొత్తది వేసి, ఎలక్ట్రిక్ ఫ్యాన్‌కి డ్యాష్‌బోర్డు మీద విడిగా స్విచ్ పెట్టారు. టెంపరేచర్ ముల్లు పైకి పోతుంటే ఈ స్విచ్ వేయాలి, హీటర్ ఫుల్లుగా తిప్పాలి. అవును, హీటరే. ఇంజిన్‌లోని వేడి నీళ్లు హీటర్ లోంచి కూడా తిరుగుతాయి కాబట్టి కొంత వేడి లోపలికి వచ్చేస్తుంది. మీకు చెమటలు పడతాయి, ఇంజిన్ బతుకుతుంది.

ఎయిర్ ఫిల్టర్ గొట్టాన్ని పైకి, ముందు అద్దం పక్కకి తీసుకొచ్చారు. మొరాకో దారుల్లో కొన్నిచోట్ల పిండిలాంటి మట్టి ఉంటుంది. ముందు కారు లేపిన దుమ్ములో ఫిల్టర్ గంటల్లో మూసుకుపోతుంది. ఫిల్టర్లు రెండు మూడు ఎక్కువే పెట్టుకోండి.

ఇంజిన్‌లో స్పార్క్ పుట్టించే పాతకాలపు పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టారు, బాగుంది. పాత పాయింట్లు, కండెన్సర్ డబ్బాలో దాచారు, ఇంకా బాగుంది. ఎందుకంటే అందరి దగ్గరా దొరికే మామూలు పార్టులే ఈ ర్యాలీలో అసలు బలం. వెయ్యికి పైగా కార్లు వచ్చిన సంవత్సరాలు ఉన్నాయి, అన్నీ ఇవే. మీ క్లచ్ కేబుల్ తెగితే పక్క టెంటులో దొరుకుతుంది. వాటర్ పంప్ పోతే ఎవరో ఒకరి దగ్గర ఉంటుంది. కాబట్టి వేరే కారు కార్బొరేటర్, స్పెషల్ ఇంజిన్ అంటూ ప్రయోగాలు చేయకండి. పవర్ కొంచెం పెరుగుతుందేమో గానీ, పాడైతే ఆ పార్టు ఎవరి దగ్గరా ఉండదు.

టైర్లు 145/80 ఆర్13, మట్టి రోడ్లకి సరిపోయే గాట్లున్నవి. ఇసుకలోకి దిగేముందు గాలి 15 పీఎస్‌ఐ దగ్గరికి దించితే టైరు వెడల్పుగా పరుచుకుని తేలుతుంది. రాళ్ల దారి రాగానే మళ్లీ నింపాలి, లేకపోతే రిమ్ వంగుతుంది. పంపు ఉంది, కారు దిగబడితే చక్రాల కింద పెట్టే ఇసుక పలకలు ఉన్నాయి, జాకీ కింద పెట్టే చెక్క మాత్రం లేదు. చెక్క లేకపోతే ఇసుకలో కారు లేవదు, జాకీయే దిగిపోతుంది.

ఇప్పుడు పైకి చూడండి. క్యారియర్ మీద స్టెప్నీ, రెండు డబ్బాలు, నాలుగు పెద్ద లైట్లు. లైట్లు దేనికి? కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్ మీద భారం, పైన బరువు. దిబ్బ మీద అడ్డంగా వాలినప్పుడు ఈ పై బరువే కారుని బోల్తా కొట్టిస్తుంది. బరువైన సామాను కిందికి, ముందు సీట్ల వెనక్కి రావాలి. పిల్లల బ్యాగులు తేలిక, అవి పైన పెట్టొచ్చు.

ఇలాంటివే వేరే ర్యాలీలు ఉన్నాయి. ఇంగ్లండ్‌లోని ప్లిమత్ నుంచి ఆఫ్రికాలో గాంబియా దేశపు బంజుల్ వెళ్లే దానిలో కారుని అక్కడే వేలం వేసి ఆ డబ్బు ఛారిటీకి ఇస్తారు, మీరు విమానంలో తిరిగి రావచ్చు. ఇక్కడ అలా కాదు. మరాకెష్‌లో సంబరం అయ్యాక ఇదే కారులో ఇంటికి రావాలి. అందుకే నేను జాయింట్లు, షాఫ్టులు అని ఇంతగా సాగదీస్తున్నాను.

కాగితాల సంగతి: భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి మొరాకో వీసా ముందే కావాలి. కారు ఎవరి పేరు మీద ఉందో, ఇన్సూరెన్స్ మొరాకోకి వర్తిస్తుందో ఓడ ఎక్కకముందే చూసుకోండి.

నా మార్కులు: కింది భాగానికి 9, కూలింగ్‌కి 8, పైభాగానికి 4. చెల్లెమ్మా, బియారిట్జ్‌లో చెకింగ్‌కి ముందే ఆ లైట్లు పీకి అమ్మేయండి. వచ్చిన డబ్బుతో రెండు పక్కలా కొత్త డ్రైవ్ షాఫ్టులు వేయించండి, పాతవాటిలో బాగున్నదాన్ని స్పేరుగా డిక్కీలో పడేయండి.