ఎలాంటి లాఠీ చేతికివ్వాలి?

(అమలాపురంలో హోంగార్డులు, కళాశాల విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

దసరాకు ఈ ఊరి వీధుల్లో చెడీ తాలింఖానా అనే కర్రసాము, కత్తిసాము విద్యల ప్రదర్శన చూస్తూ పెరిగినవాళ్లు మీలో చాలామంది ఉన్నారు. కర్ర ఎంత వేగంగా తిరుగుతుందో మీకు తెలుసు. అంత వేగంలోనూ ఎదుటివాడి చెవి దగ్గరికి వచ్చి తగలకుండా ఆగిపోయినప్పుడే జనం చప్పట్లు కొడతారు. పోలీసు లాఠీనైనా, ఇంట్లో పెట్టుకునే చేతికర్రనైనా నేను ముందు ఆ గుణంతోనే తూచుతాను. పట్టుకున్నవాడు అనుకున్నచోట ఆగుతుందా? మీద పడేవాణ్ణి దూరంగా ఉంచుతుందా? ఎంత గట్టిగా తగులుతుందన్నది ఆ తర్వాతి సంగతి.

కర్ర బరువు రెట్టింపైతే దెబ్బలోని శక్తి రెట్టింపవుతుంది. వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలవుతుంది. పొడుగు కర్రను తిప్పినప్పుడు అన్నిటికంటే వేగంగా కదిలేది దాని కొన. కాబట్టి తేలికైన కర్రకూడా మోచేతి ఎముకను విరగ్గొట్టగలదు. కొన బరువుగా ఉంటే ఇంకో చిక్కు, ఒకసారి విసిరాక మణికట్టు దాన్ని ఆపలేదు. కర్రను వేలిమీద అడ్డంగా నిలిపి చూడండి. తూకం పిడి వైపున ఉన్నదాన్నే ఎంచుకోండి.

ఇక్కడే పొన్ను, అంటే కర్ర కొనకు వేసే లోహపు తొడుగు సంగతి చెప్పాలి. మన పెద్దలు చేతికర్ర అడుగున ఇనుప పొన్ను వేయించేవారు. గట్ల మీద, రాళ్ల మీద ఆనించినప్పుడు వెదురు చీలకుండా ఉండటానికి అది మంచి ఉపాయం. అదే పొన్ను లాఠీకి వేస్తే ఏమవుతుందో 1930 మే 21న గుజరాత్‌లోని ధారాసనలో ప్రపంచం చూసింది. ఉప్పు కొఠార్ల వైపు నడిచివచ్చిన సత్యాగ్రహులను ఇనుప పొన్నుల లాఠీలతో తలల మీద కొట్టారు. చెయ్యెత్తి అడ్డుకున్నవాడు లేడు. అమెరికన్ విలేకరి వెబ్ మిల్లర్ దాన్ని కళ్లారా చూసి రాశాడు. లాఠీ కొనకు లోహం ఉండకూడదని నేను పట్టుబట్టేది అందుకే. చీలకుండా ఉండాలంటే రబ్బరు తొడుగు చాలు.

వెదురు విషయానికి వస్తే, మన పోలీసులకు ఇంతకంటే అనువైన సరుకు మరొకటి కనిపించదు నాకు. పొడి కొండనేలల్లో పెరిగే సన్నటి వెదురు లోపల దాదాపు బోలు లేకుండా ఉంటుంది, తేమ ఎక్కువైన చోట అదే జాతిలో బోలు పెరుగుతుంది. డెల్టాలో ఇంటి వెనక పొదనుంచి నరికిన బొంగు పందిరికి పనికొస్తుంది గానీ లాఠీకి పనికిరాదు. మూడేళ్లు దాటిన ముదురు గడ కావాలి. లేత వెదురులో పిండిపదార్థం, నీరు ఎక్కువ. ఎండితే ముడుచుకుపోతుంది, పురుగు తొలిచి పుచ్చిపోతుంది. నరికిన గడలను కొన్నాళ్లు నీళ్లలో నానేసి ఆ పిండిపదార్థాన్ని పోగొట్టి, నీడన ఆరబెట్టి, సెగ చూపించి వంకర తీసి, నూనె పట్టించే పద్ధతి పాతదే. దాన్ని మించింది ఇంకా రాలేదు. కణుపులు దగ్గరదగ్గరగా ఉన్న భాగం పిడివైపు రావాలి. కణుపుల దగ్గర పొట్టును నునుపుగా చెక్కాలి, లేకపోతే చెమట పట్టిన అరచేయి చీరుకుపోతుంది.

వెదురుకు ఉన్న పెద్ద లోపం, విరిగితే ఈటెలాగా మొనదేలుతుంది. ఆ ముక్క చేతిలో పట్టుకుని విధుల్లో కొనసాగేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది. పగులు కనిపించిన లాఠీని అక్కడికక్కడే పక్కన పడేయాలి. పాలికార్బొనేట్ లాఠీలు అలా చీలవు, పుచ్చవు. కానీ ఏళ్ల తరబడి ఎండలో ఉంచితే వాటికీ పెళుసుదనం వస్తుంది.

అడ్డపిడి లాఠీలు మీరు చిత్రాల్లో చూసే ఉంటారు. ఒకినావా దీవుల టోన్ఫా నుంచి వచ్చిన రూపం అది. ముంజేతికి ఆనించి పట్టుకుంటే డాలులా దెబ్బ కాచుకోవచ్చు, నేర్చుకున్నవాడి చేతిలో చక్కటి సాధనం. అయితే 1991 మార్చి 3న లాస్ ఏంజెలెస్‌లో రోడ్నీ కింగ్ అనే నల్లజాతీయుణ్ణి నేల మీద పడేసి కొట్టినప్పుడు పోలీసుల చేతుల్లో ఉన్నవి ఈ రకం లోహపు లాఠీలే. కాచుకోవడానికి రూపొందిన పిడిని వాళ్లు దానికి వాడనేలేదు. సాధన ఆగిపోయిన చోట అడ్డపిడి వల్ల లాభం లేదు.

మడత లాఠీ గురించి ఎక్కువగా అడుగుతున్నారు కాబట్టి వివరంగా చెబుతాను. ఒకదానిలో ఒకటి ఇమిడిన ఉక్కు గొట్టాలు, విదిలిస్తే బయటికొచ్చి బిగుసుకుంటాయి. సాధారణంగా 16, 21, 26 అంగుళాల పొడవుల్లో దొరుకుతాయి. నడుముకు తగిలించుకోవచ్చు, కారులో కూర్చున్నా అడ్డురాదు. పట్టణంలో, ఇరుకు మెట్ల మీద, ఒకరిద్దరిని అదుపు చేయాల్సిన చోట దీనికి సాటి లేదు. కానీ ఒరిపిడితో బిగుసుకునే రకాన్ని మళ్లీ మూయాలంటే కొనను గట్టి నేలకేసి నిలువుగా కొట్టాలి. కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి జనం భుజాల మీద మోసే ప్రభలు పొలాలకు అడ్డం పడి, కాలువ దాటి వస్తాయి. ఆ బురదలో బందోబస్తులో ఉన్నవాడు లాఠీని దేనికేసి కొడతాడు? కొన మట్టిలో దిగుతుంది, లాఠీ మూసుకోదు. ఒండ్రు గొట్టంలోకి చేరితే తర్వాత తెరుచుకోదు. అంతర్వేది దగ్గర ఉప్పుగాలి సంగతి సరేసరి. పైగా ఈ రకంతో పొడిస్తే ఎదురు తగిలిన బలానికి అది లోపలికి మూసుకుపోవచ్చు. మీట నొక్కి మూసే రకాల్లో నేలకేసి కొట్టే బెడద లేదు, శుభ్రం చేసే పని మాత్రం తప్పదు. డెల్టాలో బయట విధులకు నేనైతే వెదురే ఇస్తాను.

ఏ కర్రయినా శరీరం మీద ఏం చేస్తుందో తెలియకుండా చేతికివ్వకూడదు. గుండ్రటి కర్రతో కొట్టిన చోట చర్మం మీద రెండు సమాంతర ఎర్రటి గీతలు పడతాయి, మధ్యలో పాలిపోయి ఉంటుంది. కర్ర అంచుల దగ్గర చర్మం సాగి రక్తనాళాలు చిట్లడమే కారణం. ఆ రెండు గీతల వెడల్పు చూసి వైద్యుడు కర్ర మందాన్ని అంచనా కట్టగలడు. తల, మెడ, వెన్నెముక, మూత్రపిండాలు, కడుపు ఉన్న చోట్ల దెబ్బ ప్రాణం మీదికి తెస్తుంది. శిక్షణల్లో వీటిని ఎరుపు గుర్తుతో, కీళ్లను పసుపుతో, తొడ, పిక్క వంటి పెద్ద కండరాలను ఆకుపచ్చతో చూపిస్తారు. భుజం మీదుగా పైనుంచి కిందికి దింపే దెబ్బ ఎక్కడో తగలబోయి తల మీదే తగులుతుంది. ఆ దెబ్బను శిక్షణలోంచే తీసేయాలని నా గట్టి అభిప్రాయం.

చట్టం కూడా కొలత గురించే మాట్లాడుతుంది. అరెస్టు, దర్యాప్తు పద్ధతులను చెప్పే భారతీయ నాగరిక సురక్ష సంహిత 46వ సెక్షన్ ప్రకారం, పట్టుబడినవాడు పారిపోకుండా ఆపడానికి అవసరమైనదానికి మించి నిర్బంధించకూడదు. 148వ సెక్షన్ ప్రకారం గుంపును చెదిరిపొమ్మని ముందు ఆదేశించాలి. ఆ ఆదేశం మేజిస్ట్రేటుదో, స్టేషన్ అధికారిదో, ఆయన లేనప్పుడు ఎస్సై స్థాయికి తగ్గని అధికారిదో కావాలి. హోంగార్డు తనంతట తాను మొదలుపెట్టే పని కాదది. సామాన్యుడి ఆత్మరక్షణ హక్కు నేరాలు, శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లలో ఉంది. రక్షణకు అవసరమైనదానికి మించి హాని చేసే హక్కు లేదని 37వ సెక్షన్ చెబుతుంది.

విద్యార్థినులు, రాత్రి పొలానికి నీళ్లు పెట్టడానికి వెళ్లే రైతులు ఇప్పుడు చెప్పేది వినండి. ఇంటికి, పొలానికి వాడే లాఠీని, మామూలు చేతికర్రను 1959 ఆయుధాల చట్టం ఆయుధాల నిర్వచనంలోంచి మినహాయించింది. మడత లాఠీ ఇంటి పనికో, పొలం పనికో చేసింది కాదు, ఆ మినహాయింపు తనకూ వర్తిస్తుందని కొన్నవాళ్లు ధీమాగా ఉండటానికి లేదు. పనితనంలోనూ అది సామాన్యుడికి తగదు. భయంతో చేతులు వణికేటప్పుడు విదిలించి తెరవాలి, తెరిచాక ఎదుటివాడికి చేయిచాపు దూరంలో నిలబడాలి, అతను లాక్కుంటే మీ మీదికే తిరుగుతుంది. సంచిలో ఒకటి ఉంటే చాలు భద్రత అని అమ్మాయిలకు నమ్మబలికే అమ్మకందారుల మీద నాకు కోపం. ఛాతీ ఎత్తు చేతికర్రను రెండు చేతులతో ముందుకు చాపి పట్టుకుంటే కుక్కయినా, మనిషైనా దగ్గరికి రావడానికి వెనకాడతారు. ఆ లోపు అరవండి, వెలుగున్న వైపు వెళ్లండి. కుక్కను కొట్టబోకండి, కర్రను దానికీ మీకూ మధ్య ఉంచి మెల్లగా వెనక్కి జరగండి.

ఇక హోంగార్డులకు. 2015 జులై 14న రాజమహేంద్రవరం పుష్కర ఘాట్‌లో తొక్కిసలాటలో 27 మంది చనిపోయారు. అది లాఠీ వల్ల జరిగింది కాదు. కానీ కదలడానికి చోటు లేని జనంలో ఎవరైనా లాఠీ పైకెత్తితే ఏమవుతుందో ఆలోచించండి. వెనకవాళ్లు బెదిరి ముందుకు తోస్తారు, ముందున్నవాళ్లకు పోయే దారి ఉండదు. అలాంటి చోట లాఠీని నడుము ఎత్తులో అడ్డంగా, రెండు చేతులతో పట్టుకుని, పక్కవాడి లాఠీతో కలిపి వరుస కట్టాలి, పక్కకు దారి ఇవ్వాలి. మళ్లీ పుష్కరాలు 2027లో. కొత్త లాఠీలు కొనడానికి డబ్బు ఉంటే సంతోషమే, లేకపోతే ఉన్న వెదురుకే రబ్బరు తొడుగులు వేయించండి, పుచ్చినవి ఏరేయండి. ఈ అడ్డంపట్టు వరుసను మాత్రం ఇప్పటినుంచే ప్రతి వారం కవాతులో సాధన చేయించమని ఇక్కడున్న అధికారులను కోరుతున్నాను.